బొక్కల సార్లు, మా తాత, కోటాసారస్

ఈ సెమిస్టర్ ట్రిప్ ఎక్కడికి అని మన క్లబ్ గ్రూపులో పోల్ పెట్టినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియానికి నాలుగంటే నాలుగు ఓట్లు పడ్డాయి. అందులో ఒకటి నాది. ఇంకొకటి నా రూమ్మేట్‌ది, అది దోసె ఇప్పిస్తానని వేయించిన ఓటు. "అది స్కూల్ పిల్లలు పోయేది కదా అన్నా" అని ఒక జూనియర్ మెసేజ్ పెట్టాడు. చివరికి ఏ జలపాతం గెలిచిందో మీకు తెలుసు, ఆ ఫోటోలు ఇంకా మీ స్టేటస్‌లలోనే ఉన్నాయి. నాకేం కోపం లేదు. కాకపోతే ఆ ఓడిపోయిన ట్రిప్‌ని నేను విడిగా వేసుకున్నాను. ముగ్గురం వెళ్లాం: నేను, దోసె తిన్న రూమ్మేట్, మా ఊరి నుంచి వచ్చిన మా తాత. ఎలా ప్లాన్ చేశామో, అక్కడ ఏం చూడాలో, ఎందుకు చూడాలో చెప్పడానికే ఇది రాస్తున్నా.

స్కూల్ పిల్లలు పోయేదన్న మాటలో నిజం ఉంది. నేనూ ఏడో తరగతిలో వెళ్లాను. మంచిర్యాల అవతల నుంచి తెల్లవారుజామున బస్సెక్కించి, ఒక్క రోజులో జూ పార్కు, బిర్లా మందిర్, మ్యూజియం, ట్యాంక్‌బండ్ అన్నీ చూపించి రాత్రికి మళ్లీ బస్సెక్కించారు. డైనోసార్ ముందు మేం నిలబడింది మహా అయితే నాలుగు నిమిషాలు. నాకు గుర్తున్నది అది చాలా పెద్దదని, నా ముందు నిలబడ్డ వాడు నాకంటే పొడుగని, అంతే. ఎవరో "సార్, ఇది అమెరికా నుంచి తెచ్చారా?" అని అడిగితే, తలలు లెక్కపెట్టుకుంటున్న సారు "ఆఁ, అవును, లైన్లో నడవండి" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. అరవై మంది పిల్లల్ని పట్నం చూపించి ఒక్కణ్ణీ తప్పిపోకుండా తీసుకెళ్లడమే పెద్ద పని. కానీ ఆ జంతువు అమెరికాది కాదు, మేం బస్సెక్కిన జిల్లాదే. ఆ సంగతి నాకు తెలియడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది.

తెలిసింది కూడా పుస్తకంలోంచి కాదు. పోయిన దసరా సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు వాకిట్లో కూర్చుని ఫోన్లో ఏదో డైనోసార్ వీడియో చూస్తున్నా. మా తాత పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుంటూ తొంగి చూసి, "గిసువంటి బొక్కలే మేం తీసినం" అన్నాడు, నిన్న మొన్న బావిలో పూడిక తీసినట్టు. మా వైపు ఎముకల్ని బొక్కలంటాం. నేను నవ్వాను. తాత నవ్వలేదు. ఆయనకు ఇరవై ఏళ్లప్పుడు, ఇంకా పెళ్లి కాకముందు, వానలు తగ్గాక ప్రాణహిత వైపు ఊళ్లలోకి జీపులో సార్లు వచ్చేవారట. టెంట్లు వేసుకుని నెలలకొద్దీ ఉండేవారట. ఊళ్లో వాళ్లకు కూలి ఇచ్చి తవ్వించేవారట. వాళ్లకి మావాళ్లు పెట్టుకున్న పేరు 'బొక్కల సార్లు'.

ఆ పని ఎలా ఉండేదో తాత చెప్పిన తీరు నాకు నచ్చింది. పైన మన్ను తీసేటప్పుడు గడ్డపార వాడనిచ్చేవారు. ఎముక జాడ తగలగానే గడ్డపార పక్కన పెట్టించి, చిన్న ఉలి, సుత్తి, తర్వాత బ్రష్షు. ఒక్క బొక్క చుట్టూ మట్టి తీయడానికి రోజులు పట్టేది. "పసిపిల్లకు తానం పోసినట్టు తియ్యాలె" అన్నాడు. బయటపడ్డాక దానికి కట్టు కట్టడం ఇంకో పని: తడి కాగితం పరిచి, గోనెసంచి గుడ్డను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి చుట్టూ అంటించి, అది గట్టిపడ్డాక కింద తొలిచి బోర్లా తిప్పడం. చెయ్యి విరిగితే ఆసుపత్రిలో కట్టే పిండికట్టూ ఇదే. ఇప్పటికీ ప్రపంచమంతా శిలాజాలు తీసేది దాదాపు ఈ పద్ధతిలోనే అని నేను తర్వాత చదివాను. తాత చేసింది ప్రధానంగా మన్ను మోయడం, నీళ్లు తేవడం, కట్టిన బొక్కల్ని నలుగురైదుగురితో కలిసి బండికెత్తడం. ఆ తర్వాత అవి ఎటు పోయాయో తెలియదు. "పట్నం పోయినయన్నరు" అన్నాడు. నలభై అయిదేళ్లకు పైగా ఆయనకు తెలిసింది అంతే.

హాస్టల్‌కి తిరిగొచ్చాక వెతికాను. తాత చెప్పిన కాలం, చోటు, రెండూ కలిశాయి. 1970ల చివర్లో యామన్‌పల్లి అనే ఊరి దగ్గర, సుమారు 2,400 చదరపు మీటర్ల నేలలో, 840 దాకా ఎముకలు, ఎముక ముక్కలు దొరికాయి. మన క్రికెట్ గ్రౌండ్‌లో ఒక మూలంత జాగా అనుకోండి. వాటిని అధ్యయనం చేసింది జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన పి. యాదగిరి. 1988లో ఆయన దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. 2001లో ఎముక ఎముకనూ వర్ణిస్తూ పెద్ద పత్రం రాశారు. పేరు విడదీస్తే సులువు: కోట అన్నది ఆ రాతి పొరల పేరు, సారస్ అంటే బల్లి, చివరిది ఊరు పేరు. మన పల్లె ఒకటి లాటిన్ తోక తగిలించుకుని ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క జంతువుకు పేరైంది. ఆ ఊరికి వెళ్లే బస్సు మాత్రం ఇప్పటికీ టైముకి రాదు.

'కోట' విషయంలో నేను మొదట పొరబడ్డాను, మీరు పడకండి. ఇది రాజుల కోట కాదు. ప్రాణహితకు అవతలి గట్టున, మహారాష్ట్ర సిరొంచ తాలూకాలో కోట అనే ఊరుంది. అక్కడి సున్నపురాతి పలకల్లో 19వ శతాబ్దం మధ్యలోనే చేపల శిలాజాలు దొరికాయి. ఆ ఊరి పేరునే ఆ పొరలన్నిటికీ కోట ఫార్మేషన్ అని పెట్టారు. నదికి ఇవతలా అవే పొరలు, అవతలా అవే పొరలు. రాష్ట్ర సరిహద్దు మనం గీసుకున్నది.

ఇంకో పొరపాటుకు అవకాశం ఉంది. ఇదే పొరల్లో, యామన్‌పల్లికి దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలో, పోచంపల్లి దగ్గర ఇంకో పెద్ద డైనోసార్ దొరికింది. చీరల పోచంపల్లి కాదు, సిరొంచ తాలూకా పోచంపల్లి. దాన్ని తవ్వింది కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. లెక్కల సంస్థకి ఎముకలతో పనేమిటని నేనూ అనుకున్నాను. దాని వ్యవస్థాపకుడు మహలనోబిస్‌కి భూగర్భశాస్త్రం మీదా ఆసక్తి ఉండేది, అక్కడో విభాగమే పెట్టించారు. దొరికిన జంతువుకి 1975లో బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బారా పా అంటే పెద్ద కాలు, టాగోరై అన్నది రవీంద్రుడి పేరు మీద. దాని అస్థిపంజరం కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలోనే ఉంది. అంటే ఒకే నదీలోయలో పుట్టిన రెండు జంతువుల్లో ఒకటి కోల్‌కతాకి, ఒకటి హైదరాబాద్‌కి చేరాయి. మనకి దగ్గరున్నదాన్నైనా చూడాలి కదా. కేంద్ర పర్యావరణ శాఖ మైసూరు, భోపాల్, భువనేశ్వర్ లాంటి చోట్ల ప్రాంతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియాలు పెట్టింది. ఆ వరుసలో హైదరాబాద్ లేదు. మన నేల పుట్టుక తెలుసుకోవాలంటే నౌబత్ పహాడ్ మీది ఈ హాలే మనకి ఆ మ్యూజియం అనుకోవాలి.

ఇక ప్లాన్ సంగతి. తాతకి మోకాళ్ల నొప్పులు. మ్యూజియం ఉన్నది గుట్ట మీద. నౌబత్ అంటే నగారా, పూర్వం ఆ గుట్ట మీద నగారా మోగించి పాలకుల ప్రకటనలు వినిపించేవారని చెబుతారు. గుట్ట అన్నాక ఎక్కుడు తప్పదు. సికింద్రాబాద్ నుంచి వచ్చేవాళ్లకి దారి తేలికే: సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగాలి. మనలాంటివాళ్లం అక్కణ్ణుంచి నడిచిపోవచ్చు. పెద్దవాళ్లతో అయితే ఆ చివరి ముక్కకి ఆటో మాట్లాడుకోండి, పైదాకా రమ్మని ముందే చెప్పండి, లేకపోతే కిందనే దింపి "అదే సార్" అని చేత్తో చూపిస్తారు. మాకు అదే జరిగింది. తాత సగంలో గోడ మీద కూర్చుండిపోయి, "బొక్కలు జూడవోతే నా బొక్కలు ఇరిగేటట్టున్నయి" అన్నాడు.

రోజు ఎంచుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఆదివారం, రెండో శనివారం వద్దు. డిసెంబర్, జనవరి నెలల్లో స్కూల్ ట్రిప్పులు వరుస కడతాయి. మామూలు పనిదినాన, తెరవగానే వెళ్తే హాలు మీదే. మేం మిడ్ ఎగ్జామ్స్ అయిపోయిన మర్నాడు వెళ్లాం, అటెండెన్స్ పోయింది, ఆ లెక్క మీరు వేసుకోండి. వేళలు, సెలవులు, టికెట్ ధరలు మారుతుంటాయి కాబట్టి నేనిక్కడ రాయను, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. ప్లానెటోరియం టికెట్ వేరు, మ్యూజియం టికెట్ వేరు అన్నది మాత్రం గుర్తుంచుకోండి. ప్లానెటోరియం 1985లో వచ్చింది, సైన్స్ మ్యూజియం 1990లో, డైనోసార్ల విభాగం 2000లో. చాలామంది ఇదే వరుసలో చూస్తారు. ముందు నక్షత్రాల షో, చల్లటి చీకట్లో ఒక కునుకు, తర్వాత మీటలు నొక్కి ఆడుకునే సైన్స్ బొమ్మలు, చివరికి కాళ్లు లాగుతుంటే డైనోసార్. నా సలహా దీనికి తిరగేసి వెళ్లమని. తెలుగు షో ఎన్నింటికో కనుక్కుని, దానికి రెండు గంటల ముందే లోపలికెళ్లి, నేరుగా డైనోసార్ దగ్గరికి పోండి. ఒక్క జంతువు ముందు నలభై నిమిషాలు నిలబడండి. మిగతావి ఆ తర్వాత. ప్లానెటోరియంలో కూర్చునే వేళకి కాళ్లకు విశ్రాంతి ఎలాగూ దొరుకుతుంది. ఫోటోలు తీయొచ్చా అన్నది కౌంటర్ దగ్గరే అడిగేయండి. ఒక నోట్‌బుక్ తీసుకెళ్లండి. బొమ్మ గీయడం రాకపోయినా పర్లేదు, ఒక వెన్నుపూస గీయడానికి ప్రయత్నిస్తే తప్ప దానికెన్ని రెక్కలున్నాయో కంటికి కనపడదు.

నలభై నిమిషాలు ఏం చూడాలి? కింద నుంచి మొదలెట్టండి. అందరూ ముందు తలకేసి చూస్తారు, ఆ తల సంగతి తర్వాత చెప్తాను. కాళ్లు చూడండి. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో మనం చదివిన కాలమ్ అక్కడ నిలబడి ఉంటుంది. కోటాసారస్ తొడ ఎముక తిన్నగా ఉంటుంది. పిల్లి కాలో కోడి కాలో చూడండి, మోకాలి దగ్గర మడిచి ఉంటుంది, బరువు పడినప్పుడల్లా ఎముక మీద బెండింగ్ వస్తుంది, దాన్ని కండరాలు పట్టి ఉంచాలి. చిన్న ఒంటికి అది సరిపోతుంది. ఒళ్లు పెరిగే కొద్దీ లెక్క మారుతుంది. పొడవు రెట్టింపైతే ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే అవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. అందుకే పెద్ద జంతువు కాలు మడిచి నిలబడలేదు, స్తంభంలా నిటారుగా పెట్టి బరువంతా ఎముక నిడివి వెంట కిందికి పంపాలి. ఏనుగు చేసేది అదే. కోటాసారస్ బరువు 2.5 టన్నులు, పొడవు 9 మీటర్లు ఉండొచ్చని ఒక అంచనా. సారోపాడ్లు అనే ఈ పొడుగు మెడ శాకాహారుల్లో ఇది పెద్దదేం కాదు. కానీ ఆ వంశంలో బాగా తొలినాటిది, అందుకే దీని విలువ. దీని పూర్వీకులు రెండు కాళ్ల మీద తిరిగిన చిన్న జంతువులు. ఆ పాత లక్షణాలు కొన్ని దీని కటి ఎముకలో, తొడ ఎముకలో ఇంకా మిగిలే ఉన్నాయి. సీనియర్ కోడ్ తీసుకుని మన ప్రాజెక్టు రాసినప్పుడు వాళ్ల కామెంట్లు అక్కడక్కడా మిగిలిపోతాయే, అలాగన్నమాట.

తర్వాత వెన్నెముక. మెడ ఒక కాంటిలీవర్, తోక ఇంకో కాంటిలీవర్, రెండూ ఒకదాన్నొకటి తూచుకుంటూ కాళ్ల మీద ఆనుకున్నాయి. తర్వాతి కాలాల్లో వచ్చిన పెద్ద సారోపాడ్లలో వెన్నుపూసల పక్కల్లో లోతైన గుంటలు, లోపల గాలి గదులు ఉంటాయి. బలం తగ్గకుండా బరువు తగ్గించే ఏర్పాటు అది, మనం ఐ సెక్షన్‌లో పనికిరాని మధ్య భాగాన్ని తీసేసినట్టు. కోటాసారస్ వెన్నుపూసల్లో ఆ హంగు లేదు, కట్టడం సాదాగా ఉంటుంది. ఒకే హాల్లో రెండూ పక్కపక్కన లేవు కాబట్టి, వెళ్లేముందు ఏదైనా పెద్ద సారోపాడ్ వెన్నుపూస బొమ్మ ఫోన్లో దాచుకుని వెళ్లండి. పక్కన పెట్టి చూస్తే తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.

నేను రూమ్మేట్‌కి ఇవన్నీ గొప్పగా వివరిస్తున్నా. వాడు బుద్ధిగా తలూపుతున్నాడు. తాత ఒక్క మాట మాట్లాడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని తోక దగ్గర మొదలుపెట్టి, సంతలో ఎద్దుని చూసినట్టు, నిదానంగా చుట్టూ తిరిగాడు. ముందు కాళ్ల దగ్గర కాసేపు ఆగాడు. మెడ వెంట చూపు పైకి పోనిచ్చాడు. అప్పుడన్నాడు:

"గీ తలకాయ యాడిది బిడ్డా? మాకైతే దొర్కలే."

నేను ఆగిపోయాను. ఎందుకంటే అది నాకు తెలుసు. వారం కిందే చదివాను. యామన్‌పల్లిలో దొరికిన 840 భాగాల్లో పుర్రె లేదు. తలకి సంబంధించి దొరికినవి రెండే రెండు పళ్లు. చదివి కూడా, ఆ హాల్లో నిలబడి ఆ తలని చూస్తూ, నాకు ఆ ప్రశ్న రాలేదు. ఏడో తరగతిలోనూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. తాత సార్ల దగ్గర పనిచేసినన్ని రోజులూ వాళ్లు వెతికింది దానికోసమేనట. "తలకాయ దొర్కితే దావత్ ఇస్త అన్నడు పెద్దసారు. ఆ దావత్ మాకు రాలే."

కాబట్టి మీరు ఆ తలతో సెల్ఫీ దిగేముందు ఇది తెలుసుకోండి: అది తవ్వకంలో దొరికిన తల కాదు, తయారు చేసి పెట్టినది. ఇందులో మోసం లేదు, ప్రపంచంలో ఏ మ్యూజియంలోనైనా దొరకని భాగాల్ని దగ్గరి బంధువుల్ని చూసి చేసి పెడతారు. సారోపాడ్ల పుర్రె ఎముకలు పల్చన, ఒళ్లు కుళ్లగానే తల ఊడి నీళ్లకి కొట్టుకుపోతుంది, అందుకే ఈ వంశంలో చాలా జంతువులకి మొండేలే దొరికాయి. ఇంకో సంగతి. ఆ 840 భాగాలు ఒక్క జంతువువి కావు, కనీసం పన్నెండు జంతువులవి. అంటే మనం చూసే అస్థిపంజరం ఒక ప్రాణి కాదు, పన్నెండింటి నుంచి కూర్చిన ఒకటి. కాలు ఒకదానిది, పక్క కాలు ఇంకోదానిది అయ్యుండొచ్చు. అందుకే ఎత్తూ పొడవూ లెక్కల్లో తేడాలు కనిపిస్తుంటాయి. ఒక చోట చదివిన అంకె ఇంకో చోట లేకపోతే కంగారు పడొద్దు.

తాతకి ఇది చెప్పాను. ఆయన ఇంకో ప్రశ్న వేశాడు: మరి మేం తీసిన బొక్క ఇందులో ఉన్నట్టా, లేనట్టా? నా దగ్గర జవాబు లేదు. ఆయన పనిచేసిన గుంత ఇదేనా అన్నది కూడా ఖాయంగా చెప్పలేను. సార్లు ఆ చుట్టుపక్కల చాలా చోట్ల తవ్వారు. కాలం కలిసింది, వైపు కలిసింది, తల దొరకలేదన్న మాట కలిసింది, అంతవరకే. మా రూమ్మేట్ మాత్రం "ఇదే తాతా, పక్కా ఇదే" అన్నాడు. తాత వాడివైపు చూసి, "నువ్వు సూసినవా?" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో వాడి దోసె అరిగిపోయింది.

వయసు విషయంలోనూ కాస్త ఆగి చదవండి. ఈ జంతువు గురించి మ్యూజియం చెప్పే అంకె 16 కోట్ల ఏళ్లు. కోట పొరల వయసు మీద శాస్త్రవేత్తల మధ్య చర్చ నడుస్తూనే ఉంది. యాదగిరి తన 2001 పత్రంలో వీటిని తొలి జురాసిక్ పొరలనే అన్నారు. అంటే 17 కోట్ల 40 లక్షల ఏళ్లకి ముందు. రాయి మీద తేదీ రాసి ఉండదు కదా. ఏ పొరలో ఏ చేపలు, ఏ మొక్కల పుప్పొడి ఉన్నాయో చూసి, తేదీ తెలిసిన వేరే చోట్ల పొరలతో పోల్చి కట్టే లెక్క అది. ఎలాగైనా, ప్రాణహిత అప్పుడు లేదు, హిమాలయాలు లేవు, మన దేశం ఆఫ్రికా, అంటార్కిటికాలతో అతుక్కుని ఉంది. అప్పట్లో అక్కడ ఇసుక మేటలు వేసే నదులు, చేపలున్న సరస్సులు ఉండేవని ఆ పొరలే చెబుతాయి. అదే నేలలో చుంచెలుకంత పాలిచ్చే జంతువుల పళ్లు కూడా దొరికాయి. వాటిలో ఒకదానికి 1981లో కోటాథీరియం హాల్డేనై అని పేరు పెట్టారు, మన దేశానికి వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్ జ్ఞాపకంగా. కోటాసారస్ కాలి దగ్గర నిలబడినప్పుడు మడమ పక్కన ఒక ఎలుకని ఊహించుకోండి. వరస కలిపితే అది మన వైపు చుట్టం, పెద్దది కాదు.

డైనోసార్ చుట్టూ ఉన్న చిన్న శిలాజాల్ని వదిలేయకండి. డైనోసార్ గుడ్లు, సముద్రపు గవ్వలు, రాయైన చెట్ల మొద్దులు ఉంటాయి. తాత ఎక్కువసేపు నిలబడింది ఆ మొద్దుల దగ్గరే. "ఇసువంటియి మనదిక్కు దండిగ ఉంటయి" అన్నాడు. ఉంటాయి నిజమే, సిరొంచ దగ్గర వడధాంలో అలాంటి చెట్ల కోసం ఏకంగా ఒక శిలాజ పార్కే ఉంది. కట్టె రాయి ఎలా అవుతుందంటే, మట్టిలో కూరుకుపోయిన మొద్దులోకి ఖనిజాలు కరిగిన నీళ్లు ఊరుతూ పోతాయి, కణాల సందుల్లో సిలికా పేరుకుంటుంది, కట్టె పోయినా దాని అచ్చు రాతిలో మిగిలిపోతుంది. వార్షిక వలయాలతో సహా. ఎముక రాయయ్యేదీ దాదాపు ఇదే తీరు. అందుకే తాతావాళ్లు నలుగురు పడితే గానీ ఒక బొక్క లేవలేదు.

మా వైపు పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. పొలంలో అలాంటి రాయి కనిపిస్తే ఇంటికి పట్టుకురాకండి. పక్కన పెన్నో చెప్పో పెట్టి ఫోటో తీయండి, ఫోన్లో లొకేషన్ పట్టుకోండి, జియాలజీ చెప్పేవాళ్లకి పంపండి. ఏ పొరలో, ఏ వైపు ఒరిగి, దేని పక్కన ఉందో తెలిసినంతకాలమే అది సాక్ష్యం. చోటు మారిందంటే షోకేసులో పెట్టుకునే రాయి. 

మేం తెలుగు షో కూడా చూశాం. తాత మొదటి ఐదు నిమిషాల్లోనే నిద్రపోయాడు. బయటికొచ్చాక బిర్లా మందిర్ మెట్లు ఎక్కలేనని కిందనుంచే దండం పెట్టుకున్నాడు. పైన హాల్లో బోర్డు మొత్తం నాతో చదివించుకున్నాడు, జంతువు పేరు, ఊరు పేరు రెండుసార్లు. తవ్విన కూలీల ముచ్చట ఏమైనా రాశారా అని అడిగాడు. నేను చదివిన దాంట్లో లేదన్నాను. "సార్ల పేర్లన్న రాయాలె గద" అని మాత్రం అన్నాడు.

వచ్చే సెమిస్టర్ పోల్‌లో మళ్లీ ఈ పేరు పెడుతున్నా. ఈసారి ఎవరికీ దోసె ఇప్పించను. వచ్చేవాళ్లు మామూలు చెప్పులు కాకుండా బూట్లు వేసుకురండి, నోట్‌బుక్ తెచ్చుకోండి. తాత మాత్రం రానన్నాడు. కానీ ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా, తిన్నావా అని అడిగాక, ఆయన రెండో ప్రశ్న ఒకటే:

"తలకాయ దొర్కిందా బిడ్డా?"